ఎక్కక విడిచిన శిఖరము

హిమాలయము లోకమంతటికిని ఉమ్మడి సొత్తనియు, అందలి ఏ శిఖరము నెక్కుటకైనను ధైర్యమును ధనమును గలవానికెల్ల హక్కు గలదనియు, దానిని నిషేధించు రాజ్యము మూఢవిశ్వాసమునకు లోబడి యాత్రికులకు అన్యాయము చేయుచున్నదనియు ఒక వాదము యాత్రాప్రియులలో బలముగా నాటుకొనియున్నది. ఈ వాదమునకు ముఖ్యముగా గుఱియగు దేశము భూటాను. 1983లో పర్వతారోహకులకు ద్వారములు తెఱచిన ఆ రాజ్యమే 1994లో ఆఱువేల మీటర్లకు మించిన శిఖరముల నెక్కరాదని కట్టడి చేసి, 2003లో పర్వతారోహణమునే పూర్తిగా మాన్పినది. 7,570 మీటర్ల గంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ అందుచేతనే నేటికిని మనుష్యపాదస్పర్శ నెఱుగక నిలిచియున్నది. ఈ నిషేధమును నేను నిండుమనస్సుతో సమర్థించుచున్నాను.

ఆ కొండలు దేవతల నెలవులని అక్కడి ప్రజల విశ్వాసము. ఇది మూఢత్వమని త్రోసిపుచ్చువారు 1955లో జరిగినదానిని స్మరింతురుగాక. కాంచనగంగ నెక్కిన జార్జి బ్యాండు, జో బ్రౌను అను ఆంగ్లేయులు, సిక్కిము ప్రభువునకు తమ దళ మిచ్చిన మాటకు కట్టుబడి, శిఖరాగ్రము కొలది అడుగుల దూరమున నుండగనే ఆగిపోయిరి. వారి కీర్తికి దానివలన కలిగిన లోప మేమియు లేదు. ఇక ఎక్కితీరవలెనను పట్టుదలకు వెల చెల్లించువారెవరో చూడుడు: 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు త్రోవలోని ఖుంబు హిమప్రపాతమున మంచు విఱిగిపడి, పరుల ఆరోహణమునకై దారి సిద్ధపఱచుచు బరువులు మోయుచున్న పదునార్గురు నేపాలీ శ్రామికులు మరణించిరి. ఆ ఋతువుననే టిబెట్టు వైపునుండి మన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ పదమూడవయేట ఆ శిఖరమునే చేరినప్పుడు నేనును గర్వించితిని, ఇప్పటికిని గర్వించుచున్నాను. సాహసమును నేను నిందింపను. సాహసమునకు ప్రతి పర్వతమును ఋణపడియున్నదను భావమునే ఖండించుచున్నాను.

నిషేధమన్నంతనే అది అన్యాయము కాదు. కొందఱిని గడప వెలుపల నిలిపి కొందఱిని లోనికి బంపు నిషేధ మన్యాయము; దాని నెదిరింపవలసినదే. ఇది అట్టిది కాదు. అక్కడి పసులకాపరికిని దూరదేశపు ధనికునకును ఇది సమానమే. భూటాను దోషరహితమని నే ననుట లేదు. 1990 ప్రాంతమున లక్షకు పైబడిన నేపాలీభాషీయులు స్వదేశమునకు దూరమై శిబిరముల పాలగుటకు ఆ రాజ్యము వహింపవలసిన బాధ్యతను, ప్రజల ఆనందమే తన లక్ష్యమని అది పలుకు మాట లేవియు తుడిచివేయజాలవు. ఆ తప్పును తప్పే యనవలెను; ఈ ఒప్పును ఒప్పే యనవలెను.

హక్కను ఈ భావమే ఉత్సవములకును వ్యాపించినది. భూటానులోని పారోలో వసంతమున జరుగు త్సేచు ఉత్సవమున, చనిపోయిన జీవుని పాపపుణ్యములను యమధర్మరాజు విచారించు ముసుగునాట్య మున్నది. తెల్లని దేవతయు నల్లని రాక్షసుడును ఆ జీవునికై వాదింతురు. మనుమల నొడిలో కూర్చుండబెట్టుకొని వృద్ధులు ఆ నాట్యమును తమ మరణమునకు సంసిద్ధతగా చూతురు. చిత్రగుప్తుని లెక్కలను వినుచు పెరిగిన తెలుగువాని కిది బోధపడుట కష్టము కాదు. నేడు భూటానులో పర్యాటక రుసుముగా రాత్రికి భారతీయుడు చెల్లించు 1,200 రూపాయలు గాని, ఇతరదేశీయుడు చెల్లించు 100 డాలర్లు గాని, ఆ వృద్ధులకును నాట్యమునకును నడుమ కెమెరాతో నిలుచుటకు అనుమతిపత్రము కాజాలవు.

ఎక్కుట కూడదన్నచో హిమాలయమున చేయుట కేమి మిగులునని అడుగుదురు. జోమొల్హరి పర్వతపాదమువఱకు కొనిపోవు నడకబాట లున్నవి. ఆకాశము నిర్మలమైన శీతకాలపుటుదయమున దోచులా కనుమనుండి శిఖరపంక్తి కన్నులకు కట్టును. ఇంతటితో తృప్తి చెందనివారికి నేపాలున ఎవరెస్టుతో కూడ ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరము లెనిమిది తెఱచియే యున్నవి. అవి చాలక, ఈ చిన్నరాజ్యము తన దేవతల ముంగిలిని గూడ తమకు విడువవలెనని కోరుటకు వారికి ఏ న్యాయమును నాకు కానరాదు.