రాయి పెరిగిందాకా ఆగాలా?

మిర్చి ఏరే మానుకోట కూలీలు, జనగామ మెట్టరైతులు, భూపాలపల్లి బొగ్గు కార్మికులు చెమటోడ్చి పనిచేస్తారు. తాగే నీళ్లు చాలవు. మూత్రం మంటతో బొట్లుబొట్లుగా వస్తే "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి మళ్లీ పనికి పోతారు. ఒక్కోసారి అది వేడే కావచ్చు. కానీ వయసు మళ్లిన మగవాళ్లలో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బితే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన మూత్రంలో రాయి తయారవుతుంది. అది పెద్దదై దారికి అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్ని రెండు కిడ్నీలూ ఉబ్బుతాయి, చెడిపోనూ వచ్చు. పెద్దరాయి కొండపిండాకు కషాయానికి కరగదు, తీయించాల్సిందే!

మానుకోటలో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బోర్డులు సరే. స్కానింగు, మూత్రవ్యాధుల నిపుణుడు, ఆపరేషను అక్కడే దొరకాలి. కూలి పోగొట్టుకొని వరంగల్ ఎంజీఎంకు పరుగెత్తమనడం ఏం న్యాయం?