పడినవాని తప్పా? కట్టించినవాని తప్పా?



ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:8

మన సంఘాల్లో తాపీ మేస్త్రీలు ఉన్నారు. సెంట్రింగ్ పనివారు, రంగులు వేసేవారు, రేకులు బిగించేవారు, తట్ట మోసే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. కొందరు ఊళ్ళోనే పని చేస్తారు. కొందరు హైదరాబాదు, బెంగళూరు అపార్ట్‌మెంట్ల మీద, ఇంకొందరు గల్ఫ్ దేశాల మేడల మీద పని చేస్తారు. పనిమీద ఎవరైనా పైనుండి పడి చనిపోయారని కబురు వస్తే మూడు మాటలు వినబడతాయి. "అతని ఆయుష్షు అంతే." "దేవుని చిత్తం." "కాస్త చూసుకొని నడవాల్సింది." వినడానికి ఓదార్పు మాటల్లాగే ఉంటాయి. కాని ఆ ఇల్లు కట్టిస్తున్న మనిషిని ఎవరూ ఏమీ అడగకుండా కాపాడేవి ఈ మూడు మాటలే. ఇవి వాక్యం ముందు నిలుస్తాయో లేదో చూద్దాం రండి.

ఇశ్రాయేలీయుల ఇళ్ళకు మన డాబాల్లాగే చదునైన పైకప్పులు ఉండేవి. రాహాబు జనుప కట్టెను ఆరబెట్టింది మిద్దెమీదే. పేతురు ప్రార్థన చేసుకోవడానికి ఎక్కిందీ మిద్దెమీదికే. మనుషులు పైన తిరుగుతారని తెలిసిన దేవుడు, కొత్త ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ పిట్టగోడ కట్టమన్నాడు. లేకపోతే పడినవాని రక్తం ఆ ఇంటిమీద ఉంటుందన్నాడు. ఈ ఆజ్ఞ ఎవరికి ఇచ్చాడో గమనించండి. మిద్దెమీద నడిచేవానికి జాగ్రత్తలు చెప్పలేదు. కట్టించేవానితో మాట్లాడాడు. అదీ ఎవరూ పడకముందే మాట్లాడాడు. కాబట్టి "చూసుకొని నడవాల్సింది" అనే మాట దేవుని ధర్మశాస్త్రంలో లేదు.

"అయ్యగారూ, అది పూర్తయిన ఇంటి గురించి కదా" అని ఎవరైనా అడగవచ్చు. ఆ ఆజ్ఞకు దేవుడు చెప్పిన కారణం చూడండి. ఎవడైనా పడవచ్చు, అదే కారణం. మన ఊళ్ళలో పిట్టగోడ లేచేది స్లాబు వేసిన తర్వాత, చాలాసార్లు అన్నిటికన్నా చివర. అప్పటిదాకా ఆ అంచున నిలబడేది మేస్త్రీ, కూలీ. అంటే ఇంటివారికి పిట్టగోడ దొరుకుతుంది, దానిని కట్టినవానికి మాత్రం దొరకదు. పన్నెండు అడుగుల అంచు నుండి జారిన మనిషి ఒక్క సెకను లోపే నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు 30 కిలోమీటర్లు. ఆ సెకనులో చూసుకోవడానికి అతనికేముంటుంది?

ఇక "ఆయుష్షు అంతే" అనే మాట. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటె ఎక్కువ పాపులా అని యేసు ప్రభువు అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు (లూకా 13:4-5). చనిపోయినవారిలో కారణం వెదకనివ్వలేదు. బ్రతికి ఉన్నవారిని మారుమనస్సు పొందమన్నాడు. మనమూ శవపేటిక దగ్గర అతని గత జీవితాన్ని తవ్వడం మాని, బ్రతికి ఉన్నవారు ఏమి మార్చుకోవాలో అడగాలి.

మూడవది, "దేవుడే కాపాడతాడు, తాళ్ళూ బెల్టులూ ఎందుకు" అనే విశ్వాసపు మాట. ఈ మాట బైబిలులో ఒకచోట ఉంది. అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు ఎత్తి పట్టుకుంటారులే, దూకమన్నాడు. 91వ కీర్తనను కూడా ఎత్తి చూపించాడు. ప్రభువు దూకలేదు. అది దేవుణ్ణి శోధించడం అవుతుందన్నాడు. ఎత్తులో నిలబడిన మనిషికి ఏ కాపుదలా ఇవ్వకుండా దేవుని మీద భారం వేయమనడం ఎవరి బోధో దీనినిబట్టి తేల్చుకోవచ్చు.

ఇప్పుడు ఖర్చు సంగతి. 1933లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన పని మొదలైంది. పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం పోవడం మామూలేనని ఆ దేశంలో కట్టుబడివారు లెక్క వేసుకునే రోజులవి. ఆ వంతెనకు అయిన ఖర్చు సుమారు మూడున్నర కోట్ల డాలర్లు. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కను ఒప్పుకోకుండా, లక్షా ముప్పై వేల డాలర్లు పెట్టి వంతెన కింద వల కట్టించాడు. ఆ వలలో పడి 19 మంది బ్రతికారు. 1937 ఫిబ్రవరి 17న ఒక బరువైన పరంజా కూలి, వలను చింపుకొని పడినప్పుడు 10 మంది చనిపోయారు. మొత్తం పనిలో పోయిన ప్రాణాలు 11. మామూలే అని అందరూ అనుకున్న చావులు ఒకడు కాదన్నప్పుడు తగ్గాయి. అలాగైతే అంతకుముందు పోయిన ప్రాణాలను దేవుని చిత్తం ఖాతాలో ఎలా రాస్తాం?

మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. కాని పదిమంది కంటే తక్కువ పనివారున్న చోట అది వర్తించేది కాదు. సొంతానికి కట్టుకునే ఇల్లు పది లక్షల లోపైతే దానినీ వదిలేసింది. 2020 నాటి కొత్త కోడ్ ఆ హద్దును యాభై లక్షలకు పెంచింది. అంటే మన పల్లెల్లో లేచే ఇళ్ళలో చాలావాటిని చట్టం చూడనే చూడదు. దేవుని ఆజ్ఞలో ఇలాంటి హద్దు లేదు. కొత్త ఇల్లు అన్నాడు, అంతే. అధికారి రాడు గదా అనుకునే చోట విశ్వాసి ఏమి చేస్తాడో, అదే అతని భక్తి.

"బెల్టు ఇస్తే వాళ్ళే పెట్టుకోరు" అనే సాకు కూడా ఉంది. బెల్టు ఇచ్చి, దాని తాడు కట్టడానికి గట్టి ఆధారం చూపించకపోతే ఎవరైనా ఎందుకు పెట్టుకుంటారు? గుత్త పని ఇచ్చి, సాయంత్రంలోగా అయిపోవాలని తొందరపెట్టేవాడే ఈ మాట అంటాడు. పైగా బెల్టు ప్రతిచోటా పనికిరాదు. ఆరడుగుల తాడు, కుదుపు తగ్గించడానికి సాగే పట్టీ, మనిషి పొడవు, ఇవన్నీ కలిపితే పడినవాడు నేలను తాకకుండా ఆగడానికి దాదాపు 18 అడుగుల ఖాళీ కావాలి. ఒక అంతస్తు ఇంట్లో అంత ఎత్తు ఎక్కడిది? బెల్టు పట్టుకునేలోపే నేల వస్తుంది. కాబట్టి మన ఇళ్ళకు ముందు కావలసింది అంచుకు అడ్డు. దేవుడు చెప్పింది అదే!

కట్టించేవారు మేస్త్రీతో పని మాట్లాడుకునే రోజునే ఈ సంగతులు కూడా మాట్లాడండి. స్లాబు అంచు చుట్టూ నడుము ఎత్తున ఒకటి, దాని మధ్యలో ఒకటి అడ్డకర్రలు కట్టించాలి. పరంజామీద కాలు పట్టేంత ఒక్క పలక కాకుండా, సందు లేకుండా పలకలు పరిపించాలి. సరుగుడు కర్రలు పుచ్చినవా, తాళ్ళు నానినవా అని పని మొదలయ్యే ముందు చూడాలి. మెట్లకోసం వదిలిన ఖాళీని కదలని చెక్కతో మూయించాలి. సిమెంటు రేకుల మీద ఎవరినీ నేరుగా అడుగు వేయనివ్వకండి. బరువు దూలాల మీద పడేటట్టు వెడల్పు పలకలు వేయించండి. వీటికయ్యే ఖర్చు మేస్త్రీ కూలిలో కోయకండి.

పనిచేసే తమ్ముళ్ళారా, అక్కలారా, అడ్డు లేని అంచుకు ఎక్కమంటే అడ్డు కట్టమని అడగండి. అలా అడగడం అవిశ్వాసం కాదు. 18 నుండి 60 ఏళ్ళ లోపువారై, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. అయితే చనిపోయిన తర్వాత వచ్చే సొమ్ము పిట్టగోడకు బదులు కాదని మాత్రం మరువకండి.

సంఘ పెద్దలకు ఒక మాట. పొడిచే ఎద్దు అని ముందే తెలిసి కట్టివేయని యజమాని దోషి అని నిర్గమకాండము 21:29 నేర్పుతుంది. అడ్డు లేని అంచు మనుషులను చంపుతుందని మనకు ముందే తెలుసు. మందిర ప్రతిష్ఠకు షామియానా, ఫ్లెక్సీలు, వెయ్యిమందికి భోజనాలు సమకూర్చగల సంఘం, గోపురంమీద సిలువ నిలబెట్టడానికి ఎక్కేవానికి ఒక అడ్డుకర్ర సమకూర్చలేదా? సమకూర్చలేకపోతే గోపురం కొన్నాళ్ళు ఆగవచ్చు. సిలువ లేని గోపురాన్ని దేవుడు సహిస్తాడు. రక్తం అంటిన ఇంటిని గురించి ఆయన ఏమన్నాడో చదువుకున్నాం.

ఈ ఏడాది మన సంఘాల్లో ఎవరి ఇంటికి శంకుస్థాపన ప్రార్థన జరిగినా, పునాది రాయి మీద చేయి పెట్టే ముందు ఇంటి యజమానిని అడుగుదాం: "స్లాబు అంచుకు అడ్డు ఎవరు కడుతున్నారు?" జవాబు వచ్చాకే ప్రార్థన చేద్దాం.

ఎత్తులలో పనిచేసే ప్రతి బిడ్డను ప్రభువు సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేర్చును గాక. ఆ కాపుదలలో మన చేతులను కూడా వాడుకొనును గాక. ఆమేన్.