రాయితీ ఇస్తే ఇవ్వండి, మా బిల్లులో దాచకండి

పెద్ద పరిశ్రమకు చౌకగా కరెంటు ఇస్తేనే పెట్టుబడి వస్తుంది, దాని వెంటే ఉద్యోగాలొస్తాయి. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వెలువడిన 2025 అక్టోబరు నుంచి ఈ వాదనకు ఎదురులేకుండా పోయింది. నేను ఒప్పుకోను.

విశాఖ కేంద్రానికి చెప్పిన సామర్థ్యం ఒక గిగావాట్. ఏడాది పొడవునా పూర్తి లోడుతో నడిస్తే 876 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఒక్క రూపాయి తగ్గించినా ఏటా 876 కోట్ల రూపాయలు. ఆ డబ్బు ఎవరు కట్టాలి?

2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్‌లో జవాబుంది. ప్రభుత్వం ఎవరికి రాయితీ ఇవ్వదలిచినా ఆ సొమ్ము ముందుగా చెల్లించాలి. చెల్లించకపోతే ఆ ఆదేశం చెల్లదు. కానీ విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) ఖర్చు మన నెత్తికెక్కడానికి వేరే దారులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో విద్యుత్ కొనుగోలుకు పెరిగిన ఖర్చు సుమారు 6,072 కోట్లను 2024 డిసెంబరు నుంచి సర్దుబాటు ఛార్జీలుగా వసూలు చేయడం మొదలుపెట్టారు. ఎప్పుడో వాడిన కరెంటుకు టైలరింగ్ షాపు నడుపుకునే మహిళ కూడా మళ్లీ కట్టింది. రేపు ఒక గిగావాట్ లోడు కోసం డిస్కంలు మార్కెట్లో ఎక్కువ ధరకు కొంటే, ఆ తేడా కూడా ఇదే దారిలో వస్తుంది. కంపెనీ సొంతంగా సౌర విద్యుత్ కొనుక్కుంటుంది కదా అంటారు. సర్వర్లు రాత్రిపూట ఆగవు. ఆ వేళకు గ్రిడ్డే దిక్కు.

రైతుల, పేదల కరెంటు భారాన్ని పరిశ్రమలే మోస్తున్నాయన్న మాటలో కొంత నిజముంది, కాదనను. విజయనగరం జిల్లా ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసులకు కరెంటే ముడిసరుకు. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు విద్యుత్ సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెంచినప్పుడు ఆ ఫర్నేసుల మీద ఆధారపడ్డ కార్మికుల కుటుంబాలు హడలిపోయాయంటే ఆశ్చర్యం లేదు. అక్కడ రాయితీ ఇస్తే పని నిలుస్తుంది. డేటా సెంటర్ మింగే కరెంటుకు, కట్టడం పూర్తయ్యాక అందులో దొరికే కొలువులకు పొంతన లేదు. రెంటినీ ఒకే గాట కట్టడం అన్యాయం.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2025లో ఏఈపీ ఒహాయో అనే విద్యుత్ సంస్థ పరిధిలోని కొత్త పెద్ద డేటా సెంటర్లకు షరతు పెట్టింది: కోరిన సామర్థ్యంలో కనీసం 85 శాతానికి, వాడినా వాడకపోయినా, 12 ఏళ్ల వరకు డబ్బు కట్టాలి. లైన్లు, సబ్‌స్టేషన్లు వేశాక కంపెనీ చేతులెత్తేస్తే ఆ ఖర్చు ఇతరుల మీద పడకూడదన్నది ఉద్దేశం. విశాఖ విద్యుత్ సరఫరా ఒప్పందంలోనూ ఇలాంటి షరతు ఉండాలి. రాయితీ మొత్తాన్ని బడ్జెట్లో విడి పద్దుగా చూపాలి. సంతకాలు పెట్టకముందే ఆ లెక్కను విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) బహిరంగ విచారణకు తేవాలి.