పామునకు పాలు

“పామునకు పాలుపోసి పెంచినట్లు” అనుమాట మన యూళ్లలో ఎఱుగనివారు లేరు. మేలు చేసినవానికే కీడు తలపెట్టువానిని గూర్చి పెద్దలు ఈ మాట చెప్పుదురు. నీతి మంచిదే గాని దృష్టాంతము మాత్రము సత్యము కాదు. పాలు పామునకు ఆహారము కావు. వానిని పోసి ఏ పామును ఎవరును పెంచియుండలేదు. ఈ చిన్న పొరపాటువలన ఈ సంవత్సరము మన వసతిగృహము వెనుక ఒక మూగజీవి చచ్చినది. చంపినవారు దుష్టులు కారు, మంచి బాలురు. వారియందుకంటె మాయందే తప్పు ఎక్కువగా నున్నది గావున ఈ వ్యాసము వ్రాయవలసివచ్చినది.

వానలు కురిసిన దినములలో తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు పొలము గట్టున ఒక జెఱ్ఱిపోతు పిల్లను పట్టిరి. దానిని రేకుడబ్బాలో నుంచి, మూతకు మేకుతో బెజ్జములు కొట్టి, మాకు తెలియకుండ రెండు వారములకు పైగా దాచిరి. ఉదయము తమకిచ్చిన పాలలో సగము దానికి పోసిరి. ఒకడు ఇడ్లీముక్క తెచ్చెను; మఱియొకడు గ్రుడ్డుసొన తెచ్చెను. మొదట అది పాలు త్రాగెనట. బాలురు మిక్కిలి సంతసించిరి. పిమ్మట అది నోరు తెఱచుకొని ఎగశ్వాస తీయసాగెను. ఒకనాటి ఉదయమున చచ్చి పడియుండెను. వేపచెట్టు క్రింద పాతి, పైన పూవులుంచి, అప్పుడు మాయొద్దకు వచ్చి ఏడ్చిరి.

“పాలు త్రాగెను గదా అయ్యా, ఎందుకు చచ్చినది?” అని వారిలో చిన్నవాడు అడిగెను.

“పాము పాలు త్రాగునని మీకెవరు చెప్పిరి?” అంటిమి.

“మూడేండ్ల క్రిందట మన బడికి వచ్చిన పాములవాడు చూపించెను గదా అయ్యా! మీరే మాచేత చప్పట్లు కొట్టించితిరి” అనెను.

మాకు మాట రాలేదు. అది నిజమే. ఆ దినమున వానికి డబ్బులిచ్చి పంపినవారము మేమే.

ఆ ఆటలోని రహస్యమును ఇప్పుడు చెప్పెదము. పాములవాడు పండుగకు ముందు పలుదినములు పామునకు నీరు చూపడు. దాహముతో నాలుక ఎండిన ప్రాణి ఎదుట ఏ ద్రవమున్నను త్రాగును. అవి పాలైనను సరే. కోఱలు ఊడబెరికియుందురు. తఱచుగా నోటిని దారముతో కుట్టి, చిన్న సందుమాత్రము విడుతురు. చూచువారు దానిని భక్తి యందురు, అది దాహము. పాము పాలిచ్చి పిల్లలను పెంచు జంతుజాతిలోనిది కాదు; పాలను జీర్ణించుకొను శక్తి దానికి సరిగా లేదు. ఆ పాలు శ్వాసనాళములోనికి పోయి, ఊపిరితిత్తి చెడి, పెక్కు పాములు పండుగ వెళ్లిన కొన్నిదినములకే చచ్చును. ఆ రేకుడబ్బాలోనిదియు అట్లే చచ్చియుండును.

ఈ సంగతి విని మా సహోపాధ్యాయులలో ఒకరు, “అట్లైన శాస్త్రప్రకారము పెంచిన తప్పేమి? విజ్ఞానశాస్త్రపు గదిలో ఒక గాజుపెట్టె పెట్టింతము” అనిరి. వారి ఉద్దేశము మంచిది. కాబట్టి శాస్త్రప్రకారము మేపుట యనగా నేమో చూతము.

పాము నమలదు, మ్రింగును. దాని క్రిందిదవుడ రెండు ముక్కలును ముందు అతుకక, సాగెడు నరమువంటి బంధముతో కూడియుండును. అందువలననే తన తలకంటె లావైన ఎలుకను సైతము లోనికి దించుకొనగలదు. జంతుశాలలలో దానికి పెట్టు ఎఱ పాము నడుము లావును మించకూడదు. ఎఱను చంపి పెట్టవలయును. బ్రదికియున్న ఎలుక పామును కొఱికి పుండుచేయును. మంచులో దాచిన ఎలుకయైనచో కరగి వెచ్చబడిన పిమ్మటనే ఇయ్యవలయును. చేతితో నందింపక పొడవైన పట్టకారుతో నందింపవలయును; ఎలుకవాసన తగిలిన చేయి పామునకు ఎలుకయే. రెండు పాములను ఒకచోట మేపరాదు. కుబుసము విడుచుటకు ముందు కన్నులు పాలరంగు తిరిగినప్పుడు ఎఱ పెట్టి బలవంతము చేయరాదు. తిన్న పిమ్మట రెండుదినములు దానిని ముట్టరాదు, ముట్టినచో కక్కివేయును. శుభ్రమైన నీరు మాత్రము ఎల్లప్పుడు ఉండవలయును. ఇంతజేసినను వారమునకో పదిదినములకో ఒకమాఱు తిండి చాలును. పెద్ద కొండచిలువ ఇంకను చాలకాలము ఓర్చును. పూటపూటకు పాలు పోసిన మన బాలుర ప్రేమ దానికెంత బరువైనదో చూడుడు!

ఇన్నియు నేర్చుకొనవచ్చుననుకొందము. అయినను మేము ఆ గాజుపెట్టెకు ఒప్పుకొనము. మొదటి కారణము చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నాగుపాము, జెఱ్ఱిపోతు మొదలగు మన దేశపు పాములను పట్టి యింట పెంచుట నేరము. పాములవానిని బడికి పిలిచిన మేమును ఆ నేరమునకు తోడుపడితిమి. విదేశజాతులలో అంతర్జాతీయ ఒడంబడిక క్రింద రక్షణగలవానిని ఉంచుకొనువారును, 2022 నాటి సవరణ తరువాత, వానిని నమోదు చేయించుకొనవలయును.

రెండవ కారణము ముచ్చట తీరిన పిమ్మట కలుగు అనర్థము. అమెరికాలోని ఫ్లోరిడాలో ముచ్చటకు పెంచిన బర్మా కొండచిలువలు తప్పించుకొనియు, విడువబడియు, అక్కడి చిత్తడి అడవులలో పెరిగి, చిన్న జంతువులను దాదాపు తుడిచిపెట్టినవి. వానిని వెదకుటకు 2017లో తమిళదేశమునుండి మాసి సడయన్, వడివేల్ గోపాల్ అను ఇద్దరు ఇరులవారిని పిలిపించుకొనిరి. వారు యంత్రములు లేక, జాడ చూచి పట్టిరి. 2023లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. పాముచర్మముల వ్యాపారము నిషేధింపబడి బ్రదుకుతెరువు పోయిన ఇరులవారు 1978లో మద్రాసు చేరువను సహకారసంఘము పెట్టుకొని, పాములను పట్టి, విషము తీసి, కొన్ని వారములకు మరల అడవిలో విడుచుచున్నారు. పాముకాటు మందు చేయుటకు ఆ విషమే ఆధారము. పాములవాని బుట్టకును వీరి కుండకును భేదము ఇదియే: అందు పాము చచ్చును, ఇందు మనుష్యుడు బ్రదుకును.

మన ఆత్మకూరు ఉదయగిరి ప్రాంతములందును అట్టి జ్ఞానము లేకపోలేదు. నెల్లూరు మండలమున యానాదులు పొలములలోని ఎలుకలను పట్టుటలో ఆరితేరినవారు; కలుగు చూచి అందున్నది ఎలుకయో పామో చెప్పగలరు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాములనుగూర్చి గ్రంథము ప్రచురించినపుడు ఇచ్చటివారు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. కట్లపాముల శాస్త్రీయనామమగు బుంగారస్ అనునది మన “బంగారు” శబ్దమునుండి పుట్టినదే. అట్టి జ్ఞానము గలవారి బిడ్డలు మన తరగతులలో వెనుకబల్లపై కూర్చుండగా, మేము పాములవానికి కుర్చీ వేసితిమి. ఒక యానాదివృద్ధుని పిలిచి ప్రశ్నించినచో ఆ జెఱ్ఱిపోతు నేటికి సోమశిల నీరు పారు ఏదో వరిమడిలో ఎలుకలను తినుచుండెడిది.

కార్తికశుద్ధ చవితినాడు మన పొరుగువారు పుట్టలకు పోయి పాలు పోయుదురు. మేము క్రైస్తవులమగుటచే వారి పండుగను ఆక్షేపించుచున్నామని ఎవరును తలపకుందురు గాక. పామును చంపక గౌరవించుట ఆ పండుగలోని గొప్పగుణము. మన వీధులలో దుడ్డుకఱ్ఱతో పరుగెత్తువారు దానిని నేర్చుకొనవలయును. పుట్టలోనికి పోయక, పుట్టచెంత పూవులుంచి ఆ పాలు ఒక బిడ్డకిచ్చినచో నాగులకును మేలు, బిడ్డకును మేలు అని మాత్రము మనవి.

పాములయందు దయ యనగా భయము విడుచుట కాదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటువలన మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి, అందధికులు పల్లెవాసులు. కావున రాత్రులు దీపము లేక నడువకుడు, నేలపై పరుండకుడు, కలుగులో చేయి పెట్టకుడు. కాటు పడినచో కోయక, బిగించి కట్టక, మంత్రమునకై కాలము పుచ్చక, కఱచిన అవయవమును కదల్పక, 108 బండిని పిలిచి ప్రభుత్వ వైద్యశాలకు పొండు.

ప్రియవిద్యార్థులారా! పామును మేపుటకు క్షేమకరమైన మార్గము మన కొకటే కలదు: దానిని దాని పొలములో విడుచుట. కప్పలుండు చెఱువును, ఎలుకలుండు గట్టును దానికి మిగిల్చిన చాలును. దాని భోజనము అదియే చూచుకొనును. తెలియని ప్రేమ ఎంత మృదువుగా చంపునో ఆ వేపచెట్టు క్రింద మనము చూచితిమి. అడుగక పెట్టుటకంటె, పెట్టకముందు అడుగుట మేలు. ఆ చిన్నవాడు అడిగిన ప్రశ్నను మూడేండ్ల క్రిందట మేమే ఆ పాములవానిని అడిగియుండవలసినది.