కాంట్రాక్టరు ఐ.పి. పెడితే మన అడ్వాన్సు ఏమవుతుంది?



మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి నాలుగు డబ్బులు చేతికి రాగానే మన ఇళ్ళల్లో వినిపించే మాట ఒకటే: "ఈ వానల్లోపు ఇల్లు బాగు చేయించుకుందాం." మన నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. గోడలు పగుళ్ళివ్వక ఏం చేస్తాయి?

కొన్నేళ్ళ క్రితం మేమూ అలాగే పెంకుటిల్లు తీయించి స్లాబు వేయించాలనుకున్నాం. తెలిసిన కాంట్రాక్టరుకు లక్షా 20 వేలు అడ్వాన్సు ఇచ్చాం. కాగితం లేదు, రశీదు లేదు. "ఆదివారం మన పక్కన కూర్చునే మనిషి, రశీదు అడిగితే ఏమనుకుంటాడో" అని మావారు మొహమాటపడ్డారు. నేనూ నోరు మెదపలేదు. అతను పెంకులు దించాడు, ఒక గోడ కూల్చాడు, తరువాత కనబడలేదు. ఆ వానాకాలమంతా టార్పాలిను కింద గడిపాం.

రెండు నెలలకు కోర్టు నోటీసు రిజిస్టర్డు పోస్టులో వచ్చింది. అతను ఐ.పి. పెట్టాడు. అప్పులవాళ్ళ జాబితాలో 31 మంది ఉన్నారు. మా పేరు 27వది. మా బాకీ 70 వేలని రాశాడు. మిగిలిన 50 వేలు ఇచ్చినట్టు చూపడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. మా అత్తగారు మాత్రం "కోర్టువారే రాశారుగా, ఇక ఇప్పిస్తారులే" అన్నారు. చివరికి మాకు దక్కింది పదోవంతు కూడా కాదు.

ఐ.పి. పెడితే అప్పు మాఫీ అయినట్టేనని మన పల్లెల్లో అనుకుంటారు. అది నిజం కాదు. వ్యక్తుల దివాలాకు మన జిల్లాల్లో వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టు లేక రిసీవరు అధీనంలోకి వెళుతుంది. ఇల్లో పొలమో తనఖా పెట్టుకున్నవారికి ఆ ఆస్తిమీద హక్కు ఉంటుంది. మిగిలిన దానిలో ప్రభుత్వ బాకీలు ముందు వరుస. ఆ తరువాతే మనలాంటివాళ్ళకు వంతుల లెక్కన పంచుతారు. అడ్వాన్సు ఇచ్చినవారికి ప్రత్యేక రక్షణ ఏదీ లేదు.

అయినా నోటీసు వస్తే భయపడి ఇంట్లో కూర్చోకండి. వాయిదా రోజున హాజరై మీ బాకీ రుజువు చేసుకోండి. పిటిషను వేసే ముందు ఆస్తిని భార్య పేరనో బావమరిది పేరనో ఊరికే రాసి ఉంటే, పిటిషనుకు ముందు రెండేళ్ళలోపు జరిగిన అలాంటి బదిలీని కోర్టు రద్దు చేయగలదు. మోసంతో తెచ్చిన అప్పు విడుదల ఉత్తర్వుతో కూడా పోదు. అయితే దివాలా ప్రకటన తరువాత కోర్టు అనుమతి లేకుండా విడిగా దావా వేయకూడదు.

పెద్ద సంస్థ అయితే భద్రమని కూడా అనుకోవద్దు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్, స్థలాలు ఇస్తామని ఆశచూపి 32 లక్షల ఖాతాల్లో సుమారు 6,380 కోట్ల రూపాయలు కట్టించుకుంది. అది చేతులెత్తేశాక 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వమే ఖజానా నుంచి చెల్లించింది. అంతకు మించి కట్టినవారు ఎదురుచూస్తూ ఉండిపోయారు.

అపార్టుమెంటు కొనేవారికి 2016 నాటి రెరా చట్టం కొంత అండగా ఉంది. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో పదోవంతుకు మించి తీసుకోకూడదు. మన ఇంటి మరమ్మత్తుకు ఆ చట్టం రాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో బిల్డరు దివాలా తీస్తే ఇంటివారికి పరిహారమిచ్చే బీమా ఉంది. మనకు అదీ లేదు. కనుక మన జాగ్రత్తే మనకు బీమా.

1. ఆ పదోవంతు లెక్కనే మనమూ పాటిద్దాం. అడ్వాన్సు అంతకు మించవద్దు. పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగు – ఏ పని పూర్తయితే దానికే డబ్బు. చివరి పదోవంతు పని అంతా చూసుకున్నాకే ఇవ్వండి.

2. సిమెంటు, ఇనుము, ఇటుక మీరే కొనండి. బిల్లు మీ పేర ఉండాలి. సరుకు మీ దొడ్లోనే దించాలి. కాంట్రాక్టరు గోడౌనులో ఉంచితే, అతను ఐ.పి. పెట్టినప్పుడు అది అతని సరుకు కిందే జమకట్టే ప్రమాదముంది.

3. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. నగదు అయితే రశీదు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. పని వివరం, గడువు, వాయిదాలు స్టాంపు కాగితం మీద రాయించండి.

4. పని ఆగిపోతే ఊరుకోవద్దు. వెంటనే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించినది 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు లేకపోయినా ఫరవాలేదు. అతను దివాలా తీయక ముందు వెళితేనే దీనివల్ల ఫలితం.

ఒక మాట. ఆ కాంట్రాక్టరు దొంగ అని నేననను. పత్తి పోయిన ఏడు ముగ్గురు రైతులు అతనికి బాకీ పడ్డారట. వాళ్ళ ఇళ్ళు పూర్తి చేయడానికి మా అడ్వాన్సు వాడాడు, మా ఇంటికి ఇంకొకరి అడ్వాన్సు కోసం చూశాడు. ఆ గొలుసు ఎక్కడో తెగింది. మేము వాయిదాల మీద ఇచ్చి ఉంటే మాకూ నష్టం తగ్గేది, అతని మీదా మా భారం ఉండేది కాదు. ఇప్పటికీ అతని భార్య ఎదురైతే తల దించుకుంటుంది. నేనే "బాగున్నావా వదినా" అని పలకరిస్తాను.

రశీదు అడగడం అనుమానించడం కాదు. ఇద్దరి మధ్యా మాట నిలబడడానికే రశీదు. ఈ ఏడు ఇల్లు మొదలుపెట్టేవారు ముందు కాగితం రాసుకుని, తరువాతే పెంకులు దించండి.