పాత ఇల్లు కొంటున్నారా? మెయిన్ బోర్డు చూశారా?

పాత ఇల్లు చూడ్డానికి వెళ్తే అందరం వాస్తు చూస్తాం, బోరులో నీళ్లున్నాయా అని అడుగుతాం. మెయిన్ బోర్డు ఎవరు చూస్తారు? చెక్క బద్దీల మీద అల్యూమినియం తీగలు లాగిన రోజుల్లో ఇంటికి నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు. ఇప్పుడు 2000 వాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పైగా ఏసీ! ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ చుట్టేస్తే ఫ్యూజు నిలుస్తుంది, లోపలి తీగ కాలుతుంది. ప్లగ్గుకి మూడు కన్నాలుంటే ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. చాలా పాత ఇళ్లలో ఆ పై కన్నం వెనక తీగే ఉండదు. తడి చేతులతో గ్రైండర్ ముట్టుకునేది మనమే కదా!

బయానా ఇవ్వకముందే ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లండి. రాగి తీగలు, ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, వీటి ఖర్చు ఇంటి ధరలో తగ్గించమనండి. మాడ్యులర్ కిచెన్ తర్వాత చూసుకోవచ్చు. టైల్స్ అతికించాక గోడ పగలగొడదామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.