దువ్వెనకు తగిలే పుండు

మా కేసముద్రంలో ఒకప్పుడు మధ్యాహ్నం పని తెమిలాక అరుగు మీద ఒకరి వెనక ఒకరం కూర్చునేవాళ్లం. పేలు చూసుకుంటూ, చిక్కులు తీసుకుంటూ ఊరి ముచ్చట్లన్నీ అక్కడే. నెత్తిలో చిన్న కురుపు లేచినా వెనక కూర్చున్నామె వేలికి తగిలేది. ఇప్పుడు ఎవరి తల వాళ్లే దువ్వుకుంటున్నాం. మన నడినెత్తి మనకు కనిపించదు కదా!

మా బంధువుల్లో ఒక పెద్దమ్మకు చిన్నప్పుడు మరిగే నీళ్లు పడి నెత్తి మీద కాలిన మచ్చ ఉండేది. అరవై దాటాక ఆ మచ్చలో పుండు లేచింది. పసుపు అద్దింది, పసరు రాసింది, కొంగు కప్పుకుంది. "నొప్పి గూడ లేదు, ఏం గాదు బిడ్డా" అనేది. ఏడాదికి, దువ్వెన తగిలితే నెత్తురు వస్తోందని కోడలు గమనించి పట్టుబట్టి తీసుకెళ్లింది. చర్మ క్యాన్సర్ అన్నారు. ముందే వస్తే రూపాయి బిళ్లంత కోతతో పోయేదట. అరచేతంత తీయాల్సి వచ్చింది.

మన చర్మంలోని నల్లరంగు ఎండ నుంచి కొంత కాపాడుతుంది. తెల్లవాళ్లతో పోలిస్తే మనలో ఈ జబ్బు తక్కువే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ పాత కాలిన మచ్చల్లో ఏళ్ల తర్వాత కూడా క్యాన్సర్ పుట్టొచ్చు. మచ్చల్లో లేచే ఇలాంటి పుండ్ల గురించి 1828లోనే రాసిన ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ పేరుతోనే వాటిని పిలుస్తున్నారు. స్టవ్వు మంటలకు, మరిగే గిన్నెలకు దగ్గరగా బతికే ఆడవాళ్లం, ఈ సంగతి మనకు తెలియకపోతే ఎలా?

నెల దాటినా మానని పుండు, పెచ్చు కట్టి మళ్లీ రేగేది, పెరిగే గడ్డ, రంగూ ఆకారమూ మారుతున్న పుట్టుమచ్చ... వీటిలో ఏది కనిపించినా చర్మవైద్యుడికి చూపించాలి. తిమ్మిరి సూది వేసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అదే బయాప్సీ. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్నది వట్టి అపోహ. పాకేది మనం ఆలస్యం చేసినందుకు. పుట్టుమచ్చను మాత్రం యాసిడ్‌తో కాల్పించుకోవద్దు.

క్యాన్సరని తేలితే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీస్తారు. నెత్తి చర్మం పెద్దగా సాగదు. గాయం పెద్దదైతే పక్క చర్మాన్ని జరిపి గానీ, తొడ నుంచి తెచ్చి గానీ కప్పుతారు. అవసరమైతే రేడియేషన్ ఇస్తారు. తొలి దశలో పట్టుకుంటే చాలామందికి కోతతోనే సరిపోతుంది. హైదరాబాద్‌లో 1955 నుంచీ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద అర్హులకు క్యాన్సర్ చికిత్స ఖర్చు తప్పుతుంది.

"జుట్టు తీసేస్తారేమో" అన్న భయమే చాలామందిని గడప దాటనివ్వదు. పెద్దమ్మకు తొడ చర్మం వేసిన చోట వెంట్రుకలు మొలవలేదు. అయితేనేం, మనిషి మిగిలింది!

ఇంట్లో అందరి తలలూ దువ్వే మనం మన తల సంగతి ఎవరికి చెప్పుకుంటాం? ఈ ఆదివారం తలంటు ముందు అమ్మనో, అత్తమ్మనో, అక్కనో కూర్చోబెట్టి పాయ పాయగా తీసి చూడండి. తర్వాత మీరూ వాళ్ల ముందు కూర్చోండి.